దారాలు కలిసే కొనకోట

కందకాల అడవి దాటిన ఐదోనాడు, పొద్దు నడినెత్తికి రాకముందే, ముగ్గురూ ఉప్పుబయలు అంచుకు చేరారు.

అక్కడ చెట్టు లేదు, పుట్ట లేదు, ఎగిరే పిట్ట లేదు. పాలు విరిగి నేలంతా ఒలికినట్టు కనుచూపు మేరా తెల్లటి ఉప్పు. దాని మీద కొలిమిలా మండే ఆకాశం. ఉప్పుపలకల పగుళ్లలో నీలాలు పొదిగినట్టు చెమ్మ మెరుస్తోంది గాని, వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంటే నాలిక పొక్కుతుంది. తూర్పున, ఉప్పూ ఆకాశమూ కలిసే చోట, కాటుక తీర్చినంత సన్నగా ఒక నల్లటి గీత కనిపిస్తోంది. అది మాంత్రికుడు దిగంతకుడి గోడ. ఏ దేశంలో నిలబడి ఎటు తిరిగినా, చూపు ఆగిపోయే చోట ఉండేది ఆ గోడే.

నాంచారి మూట దించి, నొసటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ గీతనే చూసింది. ఆమె మొగుడు పోలయ్య అక్కడున్నాడు. పొద్దు గుంకేలోగా అక్కడికి చేరాలి.

మూడు నెలల కిందట కర్పూరగిరి రాజధానిలో దారం పట్టేవాళ్లు ముప్పై ఇద్దరు మాయమయ్యారు. వీధి వెయ్యాలన్నా, కాలవ తవ్వాలన్నా, పొలం గట్టు పొయ్యాలన్నా ముందు మేకు దిగ్గొట్టి, దారం లాగి, గీత చూపించేది వాళ్లే. వాళ్లలో ఆఖరున మాయమైనవాడు పోలయ్య. దిగంతకుడి చెరలో పడ్డవాళ్లు రోజురోజుకూ చిన్నవాళ్లవుతారు. దూరంగా నడిచిపోయే మనిషి మన కంటికి వేలంత, గింజంత, చివరికి చుక్కంత కనిపిస్తాడే, అక్కడ నిజంగానే అంతవుతాడు. చుక్క అయ్యాక పొడుగూ వెడల్పూ ఉండవు. బతుకూ ఉండదు, చావూ ఉండదు. మూడో అమావాస్య నాటి సూర్యాస్తమయంతో పోలయ్య చుక్క అవుతాడని అడవిలో సన్యాసి చెప్పాడు. ఆ అమావాస్య ఈవేళే.

ఆ సన్యాసే రెండు దారపు కండెలు ఇచ్చాడు. ఎంత లాగినా తరగని దారం.

"బాట రెండంచులూ దూరాన కలిసినట్టు కనిపిస్తాయి కదమ్మా. ఆ కలిసే చోటే కొనకోట. నడిచిపోతే అది వెనక్కి జరిగిపోతూనే ఉంటుంది. పక్కపక్కన రెండు దారాలు పట్టండి. నడుమ ఎడం తగ్గకూడదు, పెరగకూడదు. నూరు బారలు నిఖార్సుగా పట్టగలిగితే, ఆపైన కండెలే మిమ్మల్ని లాక్కుపోతాయి" అన్నాడు.

"ఒరే కేతిగా, ఆ కుండ నెమ్మదిగా దించు. ఒక్క చుక్క తొణికిందంటే నీ తోలు ఒలిచి తిత్తి కుట్టిస్తా" అంది తిరపమ్మ. ఆమె పోలయ్య తల్లి. అరవై దాటినా నడుము వంగలేదు. నలభై ఏళ్లు దారం పట్టిన చేతులు.

"కుట్టించు అవ్వా. నీళ్లతోపాటు నీ తిట్లు కూడా మోసే బాధ తప్పుతుంది" అన్నాడు కేతిగాడు, కావడి దించుతూ. వాగు రేవులో తనంతట తానే వచ్చి కూలికి కుదిరిన కుర్రవాడు.

"పన్నెండు రోజులై కావడి మోస్తున్నావు, ఇంకా భుజం కాయ కట్టలేదేంరా? ఏ తల్లి వెన్నపూసతో పెంచిందో!"

"అత్తా, వాడి భుజం సంగతి తరవాత. ముందు మేకు కొట్టు" అంది నాంచారి.

రెండు దారాలకూ మొదలు మేకులు దిగ్గొట్టారు. నాంచారి ఎడమ దారం, తిరపమ్మ కుడి దారం పట్టుకుని, దారాల నడుమ నిలబడి నడిచారు. పది బారలకొక మేకు. మేకు మేకుకూ కేతిగాడు గజంబద్ద అడ్డం పెట్టి ఎడం చూశాడు. ఎక్కడా తేడా లేదు. నూరో బార దగ్గర ఆఖరి మేకు పడిందో లేదో, కండెలు చేతుల్లో ఝుమ్మన్నాయి. ముగ్గురికీ కాళ్లు నేల మీంచి లేచాయి. గాలి ముఖాన చెంపపెట్టులా తగిలింది. తెల్లటి నేల కింద నుంచి నదిలా పారింది. తిరపమ్మ కొంగు నోట కరుచుకుంది. కేతిగాడు భుజాన కావడిబద్దతోనే నీళ్లకుండను బిడ్డలా కావలించుకున్నాడు.

కళ్లు తెరిచేసరికి ఎదుట కోట. నల్లరాతి గుమ్మం మీద దారాలు రెండూ వచ్చి ఒకే మేకును చుట్టుకున్నాయి.

"కలిశాయి!" అని కేతిగాడు ముందు దూకాడు.

నాంచారి గడప దాటి నిలబడిపోయింది. లోపల సభామంటపం లాంటి పెద్ద హజారం. స్తంభాలకు పగడాల తీగలు, పైకప్పుకు ముత్యాల జాలర్లు. నేల మీద మాత్రం మనుషుల ఎముకలు. గోడలకు ఆనుకుని కూర్చున్నవి కొన్ని, గుమ్మం వైపు పాకుతూ ఆగిపోయినవి కొన్ని. ప్రతి అస్థిపంజరం వేళ్లలోనూ ఒక కండె ఉంది.

"ఇవి మనలాగే దారం పట్టేవాళ్ల చేతులే. చిటికెన వేళ్లు చూడు, దారం కోసిన గాట్లు" అంది తిరపమ్మ మెల్లగా.

అప్పుడు గోడల మీది బొమ్మలు కదిలాయి. నిలువెత్తు భటులు, కోరమీసాలు, చేతుల్లో కత్తులు. గోడ నుంచి ఊడి నేల మీద నిలబడ్డారు. ఎదురుగా చూస్తే కొండంత మనిషి. పక్కకు తిరిగితే ఏమీ లేదు, తాటాకు అంచంత కూడా లేదు. కేతిగాడు కుండ దించి కావడిబద్ద తిప్పి కొట్టాడు. దెబ్బ తగిలే లోపల భటుడు పక్కకు తిరిగి మాయమయ్యాడు. వెనక నుంచి ఇంకొకడు కత్తిని బల్లపరుపుగా తిప్పి కేతిగాడి వీపున చరిచాడు.

చప్పుడు లేదు, నెత్తురు లేదు. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే పలచబడి, గుడ్డ మీద గీసిన పటంలా జారి నేల మీద పరుచుకున్నాడు.

తిరపమ్మ నీళ్లకుండ ఎత్తి, వస్తున్న భటుల మీద కుమ్మరించింది. తడి తగిలినచోటల్లా వాళ్లు వానకు నానిన అట్టల్లా మెలితిరిగి ముడుచుకుపోయారు. ఆ సందులో నాంచారి పటాన్ని చాపలా చుట్టి చంకన పెట్టుకుంది. తిరపమ్మ ఒక చేత కండెలు, ఒక చేత కోడలి జబ్బ పట్టుకుని, మేకు దగ్గర దారాలను పళ్లతో కొరికింది. బిగిసిన దారాలు తెగిన వింటినారిలా వెనక్కి కొట్టాయి. వాటితోపాటే వాళ్లూ.

మళ్లీ ఉప్పుబయలు అంచునే పడ్డారు. మేకులు వేళ్లతో సహా పీకినట్టు లేచి చెల్లాచెదరయ్యాయి. పొద్దు పడమటికి వాలిపోయింది.

నాంచారి పటాన్ని ఉప్పు మీద పరిచింది. అందులో కావడివాడు లేడు. తలపాగా చోట రత్నాల కిరీటం, గోచీ చోట జరీ దట్టీ, వేలికి కర్పూరగిరి రాజముద్రిక.

"అయ్యో నా రాత! యువరాజు చేతనా నీళ్లు మోయించింది! తోలు ఒలుస్తానని కూడా అన్నానే!" అని తిరపమ్మ నెత్తిన చేతులు పెట్టుకుంది.

పటంలోని పెదవులు కదిలాయి. ఎండుటాకు గీసుకున్నంత గొంతు. "ఒలిచినంత పనే అయింది కదవ్వా."

"బాబూ, మారువేషం ఎందుకయ్యా వేశావు?" అంది నాంచారి.

"నా పేరు కేతువర్ధనుడు అక్కా. మీ వాళ్లు మాయం కాలేదు. మా నాన్నగారే అప్పగించారు. రాజ్యం జోలికి రాకుండా ఉంటే దారం పట్టేవాళ్లందరినీ ఇస్తానని దిగంతకుడికి మాటిచ్చారు. ఆ మాట నా చెవిన పడింది. కిరీటంతో వచ్చి మీ కళ్లలోకి ఎలా చూడను?"

తిరపమ్మ ఉప్పు మీద ఉమ్మేసింది. తరవాత పటం అంచు ఎగిరిపోకుండా దాని మీద గజంబద్ద పెట్టింది.

"నిన్ను తిట్టి ఏం లాభం. పడుకో" అంది.

నాంచారి మాత్రం చెదిరిన మేకులను చూస్తోంది. "ఎడం సరిగ్గానే ఉంది. గజంబద్ద అబద్ధం చెప్పదు. మరి అంత దగ్గర్లో ఎందుకు కలిశాయి అత్తా? దిగంతకుడి గోడ లేని, కొనకోట కానిచోట?"

"నాకేం తెలుసు? నలభై ఏళ్లలో నా దారం ఒంకర పోయిందన్నవాడు లేడు."

"మేకు కొట్టాక ఏం చేశావు?"

"ఏం చేస్తాం? పొరుగు వెంట్రుక వదిలాను" అంటూ తిరపమ్మ ఆగిపోయింది.

దారం పట్టేవాళ్లకు అది చెయ్యి తిరిగిన నాటి నుంచీ అలవాటు. మేకుకు దారం చుట్టాక బొటనవేలితో దాన్ని వెంట్రుకవాసి తమ వైపుకు జరుపుతారు. అవతలివాడి నేల పొరపాటున కూడా తినకూడదని. గట్టు తగాదాలు రాకుండా, ఊళ్లో తలెత్తుకు తిరిగేలా ఉంచింది ఆ వెంట్రుకే. అత్తాకోడళ్లు ఇద్దరూ దారాల నడుమ నిలబడ్డారు. ఇద్దరూ వెంట్రుక చొప్పున లోపలికి జరిపారు. గజంబద్దకు అందనంత తేడా. ఆ తేడాయే పోగా పోగా ఎడాన్ని మింగేసింది.

"వాడికి మన అలవాటు తెలుసు. అందుకే దారి మధ్యలో ఆ దొంగకోట కట్టించి పెట్టాడు. ఆ ఎముకలన్నీ మనకన్నా ముందు ఇలాగే వచ్చిన మంచివాళ్లవే అత్తా" అంది నాంచారి.

తిరపమ్మ తన బొటనవేలిని పరాయి వస్తువులా చూసుకుంది. "ఈసారి జరపను." మేకు తీసి కొట్టి, దారం చుట్టింది. వేలు దానంతట అదే కదిలింది. మళ్లీ చుట్టింది. మళ్లీ కదిలింది. "చచ్చినా మానదే ఇది! నరికెయ్యనా?"

"వద్దు. మానక్కర్లేదు. రెండు దారాలూ నేనొక్కదాన్నే పడతాను. రెండింటికీ ఒకే పక్క నిలబడతాను. జరిగితే రెండూ ఒక్కవైపుకే జరుగుతాయి. ఎటు వంగితే ఏం, ఎడం తగ్గదు కదా."

తిరపమ్మ కోడలి ముఖం కేసి చూసింది. పెళ్లై తొమ్మిదేళ్లలో ఆ చూపు నాంచారి ఎప్పుడూ ఎరగదు. "మొగుడూ పెళ్లాం అలాగే వంగితే కాపురాలన్నీ బాగుండును. సరే పట్టు. మేకులు ఈ ఉప్పులో ఇక ఆగవు. మొదళ్లు నేను పట్టుకు కూర్చుంటా."

"అత్తా, ముఖం తిప్పకు."

"నాకు నేర్పుతున్నావటే? ముఖం తిరిగితే భుజం తిరుగుతుంది, భుజం తిరిగితే దారం జరుగుతుంది. జరిగిందంటే పోయినవాళ్లు అటూ కారు, ఇటూ కారు. నా కొడుకుని తీసుకురా పో. నేను కదలను."

ఆమె తూర్పు ముఖంగా బాసింపట్టు వేసుకుని, రెండు మోకాళ్ల మీద రెండు చేతులు ఆన్చి, మణికట్లకు దారాలు చుట్టుకుంది. పక్కనే చుట్టి పెట్టిన యువరాజు పటం. నాంచారి రెండు దారాలకూ ఒకే పక్కన నడుస్తూ, వెనక్కి చూడకుండా బయల్దేరింది. నూరో బార దగ్గర, ఆఖరి మేకులు రెండూ ఆగినంత సేపు చాలు అనుకుంటూ, ఉప్పును మడమతో తొక్కి దిగ్గొట్టింది. ఈసారి కండెలు ఝుమ్మనలేదు. ఏడ్చినట్టు సన్నగా మూలిగాయి. దొంగకోట పక్కనే మెరుపులా దాటిపోయింది. తరవాత ఉప్పు లేదు, నేల లేదు. రెండు దారాలు, వాటి పక్కన ఆమె.

కొనకోటకు బురుజుల్లేవు. లోకంలోని బాటలు, కాలవలు, నాగటిచాళ్లు, వీధి పొడవునా సాగదీసిన మగ్గాల పడుగులు, ఆ దిక్కుకు పోయేవన్నీ వచ్చి ఒకే గడప దగ్గర ముడిపడ్డాయి. లోపల ముంగిట్లో సూర్యుడు ఉన్నాడు. దూరం నుంచి ఎంత కనిపిస్తాడో అంతే, అన్నం తినే ఇత్తడి పళ్లెమంత. సగం నేలలోకి దిగిపోయి ఎర్రగా కాగుతున్నాడు. ముంగిలికి ఇరువైపులా కనుమరుగయ్యే దాకా నల్లటి గోడ. అది రాతిగోడ కాదు. ఆవగింజలకన్నా చిన్న చుక్కలు, ఒకదానికొకటి తగులుతూ ఒకే వరస.

"గీత అంటే ఏమిటనుకున్నావు పిల్లా? చుక్కల వరసే కదా" అన్నాడు దిగంతకుడు.

ఎంత దగ్గరికి వచ్చినా దూరంగానే కనిపించే ముఖం వాడిది. చేతిలో మచ్చుకత్తి ఉంది.

"ఎన్నో రాజ్యాల వాళ్లు. మీ ఊరి వాళ్లు ముప్పై ఒక్కరు. ఇంకొక్క చుక్క పడితే వరస పూర్తి. ఆపైన ఏ బాటకీ అవతలంటూ ఉండదు. ఉచ్చు బిగిసినట్టు లోకం నా గుప్పెట్లో ఉంటుంది."

గోడకు ఆఖర్న మిగిలిన సందులో చింతగింజంత మనిషి కూర్చుని ఉన్నాడు. తలకు తువ్వాలు చుట్టుకుని.

"నాంచారీ! ఎందుకొచ్చావే ఇంత దూరం? ఏమైనా తిన్నావా?" దోమ పాడినంత గొంతు.

నాంచారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. "తిండి సంగతి ఇప్పుడా అడగడం! లే" అంటూ అరచెయ్యి పెట్టింది. పోలయ్య ఎక్కాడు. బరువే లేడు.

దిగంతకుడు అడ్డం రాలేదు. "తీసుకుపో. తిన్నగా దారం పట్టి వచ్చినవాళ్లను ముట్టుకోకూడదని నాకు శాపం. దారం మధ్యలో తెంచినా అతుక్కుంటుంది. మొదట్లో తెంచాలి."

"మొదలు నీకు అందదు. మా అత్త చేతుల్లో ఉంది."

"తూర్పు కొన వేరు, పడమటి కొన వేరు అనుకునే వెర్రివాళ్లు మీరు" అని వాడు నవ్వి, ముందు గుమ్మం తలుపు తోశాడు.

నాంచారి చూసింది. ఆమె వచ్చింది వెనక గుమ్మం నుంచి. ముందు గుమ్మంలోంచి కూడా ఉప్పుబయలే కనిపిస్తోంది. ఆ ఉప్పు మీద చీమంత మనిషి, తెల్లటి ముడి, నిటారైన వీపు. తిరపమ్మ వీపు. తూర్పుకు తిన్నగా పోయిన దారి పడమటి నుంచి తిరిగి వచ్చి ఆ వీపు వెనకే తేలుతోంది. దిగంతకుడు అప్పుడే గుమ్మం దాటి ఆ వీపు కేసి నడుస్తున్నాడు.

వెనక్కి పోయి అత్తకు ఎదురుగా తేలుదామంటే కండెలు ముందుకే గాని వెనక్కి లాగవు. నాంచారి పిడికిలి మూసి, కండెలు రెండూ ఒక చంకన ఇరికించుకుని ముందు గుమ్మంలోకి దూకింది.

పరిగెత్తింది. వెనక ఎర్రటి పళ్లెం అంగుళం అంగుళం దిగిపోతోంది. పదడుగులకు పోలయ్య పిడికిట్లో పట్టలేదు. నూరడుగులకు కుందేలంత అయ్యాడు. ఆమె అతన్ని ఎదకు హత్తుకుంది. ముందు దిగంతకుడు తొందరపడటం లేదు. అడుగడుక్కూ పెరుగుతున్నాడు. వాడి నీడ వాడికన్నా ముందు, ఉప్పు మీద నల్లటి కాలవలా పాకుతోంది.

"ఎవరే అక్కడ కూర్చుంది? మా అమ్మ కాదూ?" అన్నాడు పోలయ్య. చంటిబిడ్డంత ఉన్నాడు. గొంతు మాత్రం పూర్తిగా వచ్చేసింది.

"పిలవకు."

"వాడు కత్తి ఎత్తుతున్నాడే!"

"పిలిస్తే తిరుగుతుంది. ముఖం తిరిగితే దారం జరుగుతుంది. నువ్వుండవు."

"నేనుండకపోతే పోనీ! అది మా అమ్మే! అమ్..."

నాంచారి అతని నోరు నొక్కేసింది.

నీడ తిరపమ్మను దాటి ఆమె ముందు పరుచుకుంది. నీడ చేతిలో కత్తి నీడ. ముసలామె తల కొద్దిగా వంగింది. ఆ నీడను చూసిందని నాంచారికి తెలిసింది. మెడ నరాలు బిగుసుకోవడం కూడా అంత దూరం నుంచి కనిపించింది. ఇప్పుడు తిరుగుతుంది, ఎవరైనా తిరుగుతారు అనుకుంది. చంకలోని కండెలు రెండూ ఒక్కసారి చురుక్కున బిగిశాయి. తిరపమ్మ దారాలను మణికట్లకు ఇంకో చుట్టు చుట్టుకుంది. తిరగలేదు.

నాంచారికీ దిగంతకుడికీ మధ్య ముప్పై బారలు. దిగంతకుడికీ ఆ వీపుకీ మధ్య మూడు.

పోలయ్య గింజుకున్నాడు. ఆరేళ్ల పిల్లాడంత బలం వచ్చింది. కాళ్లతో ఆమె డొక్కలో తన్నాడు. ఆపైన ఆమె అరచేతిని కరిచాడు, పళ్లు ఎముకకు తగిలేలా. నెత్తురు అతని గడ్డం మీదుగా కారి ఆమె రవిక తడిసింది. ఆమె చెయ్యి తియ్యలేదు. ఇంకా గట్టిగా నొక్కి పరిగెత్తింది.